నానోజెల్స్ మీద పనిచేస్తానంటోంది మా అమ్మాయి, ఏ కోర్సులో వేయాలి?

ఖమ్మం నుంచి ఒక నాన్నగారు రాశారు. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, మందుని ఒంట్లో కావాల్సిన చోటికి చేర్చే నానో హైడ్రోజెల్స్ తయారు చేస్తానంటోంది, ఒక ప్రైవేట్ యూనివర్సిటీ వాళ్లు బీటెక్ నానోటెక్నాలజీ సీటు ఇస్తామంటున్నారు. అది తీసుకోవాలా, కెమికల్ ఇంజినీరింగా, బీఫార్మసీనా, లేక అందరిలా సీఎస్‌ఈలో వేసేయాలా అని అడిగారు.

సార్, మీరు అడిగింది కోర్సు గురించే కానీ అసలు భయం అది కాదు. పీహెచ్‌డీ దాకా వెళ్తే ఎప్పటికి సెటిల్ అవుతుంది, ఈలోపు పెళ్లి మాటేంటి, ఇదే కదా. అబ్బాయి అయితే ఈ లెక్క వేసేవారా? ముందు అది మానండి. 2023లో పెంచిన దాని ప్రకారం జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000, దాని తర్వాతి దశ ఎస్ఆర్ఎఫ్‌కి 42,000, హెచ్ఆర్ఏ వేరే. తన ఖర్చు తనే చూసుకుంటుంది.

ఇక నానోటెక్నాలజీ బీటెక్ గురించి నిజం చెప్తాను, నాకు నమ్మకం తక్కువ. హైడ్రోజెల్ కొత్తదేం కాదు, సాఫ్ట్ కాంటాక్ట్ లెన్స్ అదే, చెక్ శాస్త్రవేత్తలు విఖ్‌టెర్లె, లిమ్ 1960లోనే దాని మీద పేపర్ వేశారు. నీళ్లు పీల్చుకుని ఉబ్బే పాలిమర్ వల అది, దాన్నే కొన్ని పదుల నుంచి కొన్ని వందల నానోమీటర్ల సైజులో చేస్తే నానోజెల్. వలని ఎంత బిగించాలి, పీహెచ్ (ఆమ్లం, క్షారం స్థాయి) మారితే మందు వదలాలా, మరీ చిన్నదైతే కిడ్నీల్లోంచి పోతుంది, పెద్దదైతే లివర్, స్ప్లీన్ పట్టేసుకుంటాయి, ఇవన్నీ తేల్చడానికి పాలిమర్ కెమిస్ట్రీ, ఫార్మకాలజీ గట్టిగా రావాలి, కానీ డిగ్రీలోనే నానో అని పేరు పెట్టిన కోర్సుల్లో చాలావాటిలో అన్నీ కొంచెం కొంచెం చెప్పి వదిలేస్తారు. బ్రోచర్లో క్యాన్సర్ సెల్‌ని గురిపెట్టి కొట్టే బొమ్మ వేస్తారు కదా, టొరంటో యూనివర్సిటీ పరిశోధకులు 2016లో పాత స్టడీలన్నీ కలిపి చూస్తే, ఎలుకల్లాంటి జంతువులకి ఎక్కించిన నానోపార్టికల్స్‌లో ట్యూమర్‌కి చేరింది మీడియన్‌గా, అంటే మధ్య విలువ తీసుకుంటే, 0.7 శాతమే. అంటే చేయాల్సిన పని ఇంకా బోలెడుంది, అందుకే మీ అమ్మాయి లాంటి వాళ్లు కావాలి, ఆ బొమ్మ చూసి మాత్రం ఫీజు కట్టొద్దు.

కెమికల్, బీఫార్మసీల్లో ఏదైనా పర్లేదు. పాలిమర్లంటే ఇష్టముంటే కెమికల్, మందులంటే ఇష్టముంటే ఫార్మసీ. రీసెర్చ్ వద్దనిపించినా హైదరాబాద్ చుట్టూ ఫార్మా కంపెనీల్లో రెండింటికీ పని దొరుకుతుంది, కావాలనిపిస్తే ఫార్మా చదువుల జాతీయ సంస్థ నైపర్, ఐఐటీ హైదరాబాద్ లాంటివి దగ్గర్లోనే ఉన్నాయి. సీఎస్‌ఈ మాట తన ముందు మళ్లీ ఎత్తకండి, ఏం చేయాలనుందో ఇంత స్పష్టంగా చెప్పే పిల్లలు నా దగ్గరికి చాలా తక్కువ వస్తారు.

సీటు ఖాయం చేసే ముందు అమ్మాయిని తీసుకుని కాలేజీకి వెళ్లండి. పార్టికల్ సైజ్ కొలిచే డీఎల్ఎస్ మెషిన్ ఉందా, ఉంటే డిగ్రీ పిల్లల్ని ముట్టుకోనిస్తారా అని తననే అడగనివ్వండి, మీరు పక్కన నిలబడండి చాలు.