విస్కీ పాడవుతుందా, పస తగ్గుతుందా?

సందేహం: ఇంట్లో చిన్న బార్ అమర్చుకోవాలనుకునేవాళ్ళ కోసం తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఏ సీసా ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పే భాగంలో విస్కీ మొదలుకొని నిమ్మరసం దాకా అన్నిటికీ ‘పాడవుతుంది’ అనే రాశాను. అది చదివి నా స్నేహితుడు ‘విస్కీ పాడవడమేమిటి?’ అని నవ్వాడు. మరి ఏమనాలి? ‘ఎక్స్‌పైరీ’, ‘ఓపెన్ చేసిన బాటిల్’, ‘స్పిరిట్స్’, ‘మిక్సర్లు’ అనే వాటికి తెలుగులో వాడదగిన మాటలున్నాయా? ‘చల్లని, చీకటి ప్రదేశంలో నిల్వ చేయవలెను’ అని రాస్తే తప్పా?

సమాధానం: మీ స్నేహితుడి నవ్వులో న్యాయం ఉంది. ‘పాడు’ తప్పు మాట కాదు గాని, అన్నిటికీ అంటగట్టే మాట. ఇల్లు పాడుబడుతుంది, బండి పాడవుతుంది, ఆరోగ్యం పాడవుతుంది, ఒక్కోసారి బుద్ధి కూడా పాడవుతుంది. వస్తువు ఇక పనికిరాదని చెబుతుందే తప్ప దానికేం జరిగిందో ఆ మాట చెప్పదు. తినేవాటి దగ్గర, తాగేవాటి దగ్గర తెలుగువాళ్ళు అంతటితో ఊరుకోలేదు. పాలు విరుగుతాయి, పండు కుళ్ళుతుంది, బియ్యం ముక్కిపోతాయి, రొట్టెకి బూజు పడుతుంది, వండింది పాచిపోతుంది. పాలు కుళ్ళాయనీ పండు విరిగిందనీ చిన్నపిల్లలు కూడా అనరు. ఇన్ని క్రియలు చేతిలో ఉండగా ఒక్క ‘పాడవు’తో నెట్టుకురావడం పిసినారితనం. అయితే ఏ క్రియ ఎక్కడ పడుతుందో తేలాలంటే ముందు సీసాలో ఏం జరుగుతోందో తెలియాలి.

విస్కీ, రమ్ము, జిన్ను, వోడ్కా, బ్రాందీలలో ఆల్కహాల్ సాధారణంగా 40 శాతం చుట్టుపక్కల ఉంటుంది. అంత ఘాటులో సూక్ష్మజీవులు బతకవు. సీలు విప్పకుండా, ఎండ తగలకుండా నిలబెట్టి ఉంచితే దశాబ్దాలైనా వాటికి ఢోకా లేదు. పడుకోబెట్టకూడదు. అంత ఘాటు మద్యం రోజుల తరబడి తగులుతూ ఉంటే బిరడా నాని, పొడిపొడిగా రాలుతుంది. సీలు విప్పాక మాత్రం లోపలికి గాలి చేరుతుంది. సీసా ఖాళీ అయ్యేకొద్దీ ఆ గాలి పెరుగుతుంది. వాసననీ రుచినీ ఇచ్చే పదార్థాలు కొన్ని ఆవిరైపోతాయి, కొన్ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మారిపోతాయి. ముప్పావు వంతు నిండుగా ఉన్న సీసా ఏడాది, రెండేళ్ళు బాగానే ఉంటుంది. అడుగున మూడో వంతు మిగిలిందంటే కొద్ది నెలల్లో తాగెయ్యాలి, లేదా చిన్న సీసాలోకి మార్చుకోవాలి. మార్చేందుకు సీసం కలిసిన పాతకాలపు క్రిస్టల్ సీసాలు మాత్రం వద్దు. అందులో ఎక్కువ రోజులు ఉంచితే ఆ సీసం మద్యంలోకి దిగుతుంది. (సీసా, సీసం – ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో పడితే పాఠకుడు తికమకపడతాడు, చూసి రాయండి.)

గాలి తగిలి ఇంత మారినా, మామూలు సీసాలో ఉన్న విస్కీ తాగితే ఎవరికీ కొత్తగా ఏ జబ్బూ చెయ్యదు. కాబట్టి అది పాడవలేదు, చెడిపోలేదు. దానికి తగిన మాట ‘పస తగ్గడం’. పస లేని వాదన, పస లేని ఉపన్యాసం అంటూనే ఉంటాం కదా. వస్తువు ఉంది, దాని సారం లేదు. మీ వాక్యం ఇలా ఉండొచ్చు: ‘సీలు విప్పిన విస్కీ పాడవదు గాని, ఏడాది రెండేళ్ళు గడిస్తే పస తగ్గుతుంది.’ ఎండలో పెట్టిన సీసాకైతే ఇంకో క్రియ కావాలి. దాని రంగు ‘వెలిసిపోతుంది’. మూత వదులైతే మద్యం ‘ఆవిరవుతుంది’. మంచు ముక్కలు వేసినప్పుడు కొన్ని విస్కీలు మసకబారతాయి. అది దోషం కాదు, చలికి కొన్ని కొవ్వు పదార్థాలు విడివడి కనిపించడమే. దాన్ని ‘మడ్డి’ అని రాయకండి. మడ్డి అడుగుకి దిగుతుంది, ఈ మసక అంతటా పరుచుకుంటుంది. ఫ్రీజర్లో పెట్టిన వోడ్కా ‘గడ్డకడుతుంది’ అని కూడా రాయకూడదు. ఇళ్ళలో ఉండే ఫ్రీజర్ చలి సుమారు మైనస్ 18 డిగ్రీలు. 40 శాతం వోడ్కా గడ్డకట్టాలంటే అంతకన్నా బాగా కిందికి పోవాలి. ఫ్రీజర్లో అది ‘చిక్కబడుతుంది’, అంతే.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ‘విస్కీ ఎన్నాళ్ళు దాచితే అంత మంచిది’ అని రాసేవాళ్ళున్నారు. పండుకి వాడే ‘మాగు’ అన్న క్రియ విస్కీకీ చక్కగా అతుకుతుంది, కాని చెక్క పీపాలో ఉన్నంతసేపే. స్కాచ్ విస్కీ కనీసం మూడేళ్ళు ఓక్ పీపాలో ఉండితీరాలని చట్టమే ఉంది. సీసా మీద 12 ఏళ్ళు అని ఉంటే, అందులో కలిసిన విస్కీలన్నిటిలో చిన్నదాని వయసు అది. గాజు సీసాలోకి వచ్చాక మాగడం ఆగిపోతుంది. ఇంకో ఇరవై ఏళ్ళు అల్మారాలో ఉన్నా అది 12 ఏళ్ళ విస్కీయే. అందుచేత ‘పన్నెండేళ్ళు మాగిన విస్కీ’ వేరు, ‘పన్నెండేళ్ళ కిందట కొన్న విస్కీ’ వేరు. ‘పన్నెండేళ్ళ పాత విస్కీ’ అంటే ఈ రెండిట్లో ఏదో తెలియదు, ఆ మాట మానెయ్యండి.

ఇక ‘పులియు’. నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్రియ ఇదే, ఎందుకంటే ఇది రెండు వైపులా పదునున్నది. ద్రాక్షరసం పులిస్తేనే వైన్ అవుతుంది. ఆ వైన్ ఇంకా పులిస్తే తాగడానికి పనికిరాదు. మొదటిది ఈస్ట్ చేసే పని, రెండోది గాలి తగిలాక ఆల్కహాల్‌ని ఆమ్లంగా మార్చే బ్యాక్టీరియా పని. శాస్త్రంలో వాటికి వేర్వేరు పేర్లున్నాయి. తెలుగు ఆ తేడాని పేరుతో కాదు, ‘పోవు’ అనే తోక తగిలించి చూపిస్తుంది. ‘పులిసింది’ అంటే కావలసిందే అయింది. ‘పులిసిపోయింది’ అంటే చెయ్యి దాటిపోయింది. మాగిన పండు తింటాం, మాగిపోయిన పండుని పక్కన పెడతాం. ‘పోవు’ ఎక్కడ చేరినా నష్టమే చెబుతుందని కాదు గాని, ఇలాంటి క్రియల పక్కన చేరితే మాత్రం హద్దు దాటిందని అర్థం. మీ వ్యాసంలో ‘వైన్ పులుస్తుంది’ అని ఉంటే తయారీ గురించి చెబుతున్నారనుకుంటారు. ‘సీలు విప్పి ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నుంచి ఐదు రోజుల్లో వైన్ పులిసిపోతుంది’ అంటే గోల లేదు. నురగలు వచ్చే వైన్‌కైతే ఒకటి నుంచి మూడు రోజులే. పులవకముందే అది చప్పబడుతుంది.

వైన్ విషయంలో ‘ముక్కిపోవు’ కూడా అక్కరకొస్తుంది. బిరడాలో ఉండే ఒక రసాయనం వల్ల కొన్ని సీసాల వైన్ తడిసిన అట్టముక్కలాంటి వాసన కొడుతుంది. అది పాతబడటం వల్ల వచ్చింది కాదు, కొత్త సీసా తీసినా రావచ్చు. ‘ముక్క వాసన’ అని రాయండి, చదివేవాళ్ళ ముక్కుకి వెంటనే తగులుతుంది.

వెర్మూత్ దగ్గర కొంచెం జాగ్రత్త. మూలికలు ఊరబెట్టి, కొంత ఘాటు మద్యం కలిపి బలం పెంచిన వైన్ అది. ఆల్కహాల్ 15 నుంచి 18 శాతం మధ్యన ఉంటుంది కనుక మామూలు వైన్‌లా అంత తొందరగా పులిసిపోదు. అలాగని విస్కీలా ఏళ్ళు నిలవదు. నెల, రెండు నెలల్లో మూలికల వాసన అణగిపోయి, రుచి మొద్దుబారుతుంది. ఇంట్లో బార్ పెట్టుకున్నవాళ్ళలో చాలామంది దీన్ని విస్కీ పక్కన అల్మారాలో నిలబెట్టి, ఏడాది తర్వాత తీసి, కాక్‌టెయిల్ బాగా కుదరలేదని జిన్నుని తిడతారు. వెర్మూత్ ఉండాల్సింది ఫ్రిజ్‌లో. చిన్న సీసా దొరికితే అదే కొనాలి. ఈ ఒక్క సంగతి మీ వ్యాసంలో లావు అక్షరాల్లో వేసినా తప్పు లేదు.

క్రీమ్ లిక్యూర్‌కి (మీగడ కలిపిన తియ్యటి మద్యం) మాత్రం పాల క్రియే వాడాలి: ‘విరుగు’. అందులో నిమ్మరసం లాంటి పులుపు కలిపితే గ్లాసులోనే విరుగుతుంది. బెయిలీస్ లాంటి వాటికి తయారీదారులు తయారైన రోజు నుంచి రెండేళ్ళని చెబుతారు, అదీ మరీ వేడి తగలనిచోట ఉంచితే. మీగడ లేని, పంచదార ఎక్కువగా ఉన్న లిక్యూర్లు విప్పాక కూడా ఏడాది పైనే ఉంటాయి. ఒక చిన్న వ్యాకరణ సంగతి: మనకి పాలు బహువచనం, లిక్యూర్ ఏకవచనం. ‘పాలు విరిగాయి’, ‘లిక్యూర్ విరిగింది’. అలవాటుకొద్దీ ‘లిక్యూర్ విరిగాయి’ అని పడకుండా చూసుకోండి.

సోడాకీ టానిక్ వాటర్‌కీ ‘చప్పబడు’ని మించిన మాట లేదు. గ్యాస్ పోయిన సోడా పాడవలేదు, నీళ్ళుగా మిగిలింది. మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెట్టినా ఒకటి రెండు రోజుల్లో చాలావరకు చప్పబడుతుంది. చల్లటి నీటిలో గ్యాస్ ఎక్కువసేపు కరిగి ఉంటుంది కనుక, విప్పకముందే చల్లబరిచి పెట్టుకోవడం మేలు. ప్లాస్టిక్ సీసాలో నుంచి గ్యాస్ విప్పకుండానే మెల్లగా జారిపోతుంది. గాజు సీసాలో, డబ్బాలో అలా జరగదు. నిమ్మరసం పిండిన రోజే బాగుంటుంది, మర్నాటికి చేదెక్కుతుంది. పంచదార పాకానికి ‘బూజు పడుతుంది’. పంచదార, నీళ్ళు సమంగా వేసింది ఫ్రిజ్‌లో నెల రోజులు, రెండింతలు పంచదార వేసింది మూడు నాలుగు నెలలు ఉంటుంది. చక్కెర ఎక్కువైతే బూజుకి కావలసిన నీరు దొరకదు.

ఇక మీరడిగిన మిగతా మాటలు. ‘ఓపెన్ చేసిన బాటిల్’ని ‘తెరిచిన సీసా’ అంటే, మూత లేకుండా వదిలేసిన సీసా అనుకునే ప్రమాదం ఉంది. ‘మూత తీసిన సీసా’కీ అదే చిక్కు. ‘సీలు విప్పిన సీసా’ అనండి, లేదా ‘వాడటం మొదలుపెట్టిన సీసా’ అనండి. ఎక్కువసార్లు రావలసి వస్తే ‘విప్పిన సీసా’ చాలు.

‘ఎక్స్‌పైరీ’ని తెలుగు ఎప్పుడో కలుపుకుంది, వాడుకోవచ్చు. ‘గడువు తేదీ’ బాగుంది. ‘కాలం చెల్లిన’ కూడా బాగుంది, కాకపోతే ‘కాలం చెల్లిన మందు’ అని రాశారంటే పాఠకుడు మాత్రల పెట్టె వెతుక్కుంటాడు. ‘కాలం చేసిన’ అని మాత్రం పొరపాటున కూడా వద్దు, వెర్మూత్‌కి సంతాపసభ పెట్టినట్టుంటుంది. అసలు విషయం ఏమిటంటే, ఘాటు మద్యానికి గడువే లేదు. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం 10 శాతం, ఆపైన ఆల్కహాల్ ఉన్న పానీయాల మీద ‘ఈ తేదీలోపు వాడితే మేలు’ అన్న ముద్ర ఉండనక్కర్లేదు. కనుక మీ వ్యాసంలో ‘విస్కీ గడువు’ అన్న శీర్షిక ఉంటే తీసెయ్యండి.

‘స్పిరిట్స్’ అని నేరుగా రాస్తే సగంమందికి గాయం తుడిచే స్పిరిట్ గుర్తొస్తుంది. మనకి అచ్చమైన తెలుగు జంట ఒకటుంది: పులిసినది కల్లు, కాచి దింపినది సారా. వైన్‌కీ విస్కీకీ మధ్య ఉన్న తేడా సరిగ్గా అదే. కాని ‘సారా’ అంటే మంచి విస్కీ కొనుక్కున్నవాడు నొచ్చుకుంటాడు. పాఠ్యపుస్తకాల ‘స్వేదన మద్యం’ చెమట వాసన వేస్తుంది. నేనైతే ‘ఘాటు మద్యం’ అంటాను. ‘మిక్సర్లు’ అనగానే వంటింటి యంత్రం కళ్ళముందు కదులుతుంది కాబట్టి మొదటిసారి ‘కలుపుకొనే పానీయాలు’ అని చెప్పి, తర్వాత మిక్సర్లని ధైర్యంగా వాడుకోండి.

‘చల్లని, చీకటి ప్రదేశంలో నిల్వ చేయవలెను’ వ్యాకరణం ప్రకారం తప్పేమీ కాదు, కాని అది మందుల డబ్బా మీది తెలుగు. ఎవరూ ఇంట్లో అలా మాట్లాడరు. ‘ఎండ తగలనిచోట, చల్లగా ఉండేచోట పెట్టండి’ అంటే సరిపోతుంది. ‘నిల్వ’, ‘నిలవ’ రెండూ ఉన్నాయి. ‘నిలవ ఉంటుంది’ అంటే మెచ్చుకోలు, ‘నిలవ నీళ్ళు’ అంటే ముఖం చిట్లింపు. అంచేత ‘ఈ జిన్ను ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది’ అనవచ్చు గాని, ‘నిలవ జిన్ను’ అనకూడదు.

అన్నట్టు, ‘జిన్’ అని పొల్లుతో ఆపడంకన్నా ‘జిన్ను’ అంటేనే విభక్తులు సాఫీగా చేరతాయి: జిన్నుని, జిన్నుకి, జిన్నులో. రమ్ము కూడా అంతే. కాకపోతే ప్రూఫు దిద్దేటప్పుడు గుడి, కొమ్ము జాగ్రత్తగా చూసుకోండి. ఒక్క అచ్చుతప్పు పడితే మీ పాఠకులు జున్నులో టానిక్ వాటర్ పోసుకుంటారు.