రెండు అడ్వాన్సుల మధ్య వేసవి

ప్రశ్న: మా ఇద్దరికీ ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు. ఇంకో 10 వారాల్లో, వేసవి సెలవుల్లో, ఇప్పుడున్న అద్దె ఇంటి నుంచి కాస్త పెద్ద ఇంటికి మారుతున్నాం. కొత్త ఇంటికి 2 నెలల అద్దె అడ్వాన్సుగా ముందే కట్టాలి. పాత ఇంటి అడ్వాన్సు మాత్రం తాళాలు అప్పగించాకే ఇస్తారట. కొత్త ఇంటివారు 10 రోజుల ముందే తాళాలు తీసుకోమంటున్నారు. సామాను తరలించే సంస్థ చెప్పిన మొత్తం మా నెల ఆదాయంలో మూడో వంతు. 4 నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉంది, కానీ దాన్ని ముట్టుకోవడానికి మనసొప్పడం లేదు. వ్యక్తిగత రుణం తీసుకోమంటారా, క్రెడిట్ కార్డు వాయిదాల్లో కట్టమంటారా? (పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు)

జవాబు: అంకెలన్నీ రాసి పంపినందుకు ముందుగా ధన్యవాదాలు. వాటిని ఇక్కడ అలాగే బయటపెట్టకుండా, మీ ఇద్దరి నెల జీతాలూ కలిపి 100 అనుకుని మిగతావన్నీ ఆ లెక్కలోకి మార్చాను. పాత అద్దె 25, కొత్త అద్దె 30. కొత్త అడ్వాన్సు 60, పాత అడ్వాన్సు 50. తరలింపు 33. నెల ఖర్చులు 75, అంటే నెలకు 25 మిగులుతోంది. అత్యవసర నిధి 300. వీటికి నేనొక పద్దు చేర్చాను. కొత్త ఇంట్లో దిగాక అయ్యే చిల్లర ఖర్చులకు 15. మీరు దాన్ని రాయలేదు, మరచిపోయి ఉంటారు. దాదాపు అందరూ మరచిపోతారు. పాత పరదాలు కొత్త కిటికీలకు పొట్టివవుతాయి, ప్లగ్గు ఒక గోడకుంటే ఫ్రిజ్ పెట్టే చోటు ఇంకో గోడకుంటుంది, ఏసీ విప్పి మళ్లీ బిగించడానికి పైపు చాలదు, గ్యాస్ నింపాలంటారు. పైగా ఏసీ మెకానిక్కుకు ఊపిరి సలపని కాలం వేసవే.

ఇక లెక్క చూద్దాం. అడ్వాన్సు 60, మొదటి నెల అద్దె 30, తరలింపు 33, చిల్లర 15. మొత్తం 138 చేతిలో ఉండాలి. చూడగానే గుండె జారే మాట నిజమే. కానీ ఇందులో మూడు రకాల డబ్బు కలిసిపోయి ఉంది. మొదటి నెల అద్దెలో 20 రోజుల వంతు మీరు ఏ ఇంట్లో ఉన్నా కట్టవలసిందే. ఆ 20 జీతంలోంచి పోతుంది, దాన్ని పక్కన పెట్టండి. మిగిలిన 118లో 50 పాత ఇంటి నుంచి తిరిగి వస్తుంది, 10 కొత్త ఇంటి అడ్వాన్సులో అదనంగా నిలిచిపోతుంది. నిజంగా ఖర్చయి పోయేది 58.

రుణమా, కార్డా అని అడిగారు. ఆ రెండూ వద్దనే చెబుతాను. మీరు భయపడుతున్నది 138ని చూసి, కానీ మీకున్న అసలు సమస్య 58. ఆ 60 అడ్వాన్సు ఖర్చు కాదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతున్న పొదుపు. దాన్ని అత్యవసర నిధిలోంచి తీయండి. నిధి 240కి తగ్గుతుంది, అప్పటికీ 3 నెలల ఖర్చులకు మించే ఉంటుంది. పాత అడ్వాన్సు రాగానే ఆ డబ్బు నేరుగా నిధిలోకే వెళ్లాలి, మధ్యలో కొత్త సోఫా దగ్గర ఆగకూడదు. అయితే మొత్తం 50 వస్తుందని ఆశ పెట్టుకోకండి. గోడల రంగుకనీ, కుళాయి మరమ్మతుకనీ కొంత కోస్తారు. 40 వస్తుందనుకుని లెక్క వేసుకోండి. ఇల్లు ఖాళీ అయ్యాక, తాళాలు ఇచ్చే ముందు, ప్రతి గదినీ ఫోనులో వీడియో తీయండి. కరెంటు మీటరు అంకె కూడా అందులో కనిపించాలి. అడ్వాన్సు ఏ తేదీకి ఇస్తారో మాటగా కాకుండా రాతలో తీసుకోండి.

మీలో ఒకరి ఉద్యోగం ఊగిసలాటలో ఉందంటే మాత్రం ఈ సలహా చెల్లదు. అప్పుడు మొదట ఆలోచించవలసింది పెద్ద ఇంటికి మారడం ఈ వేసవిలో అవసరమా అని.

ఇప్పుడు ఆ 58 సంగతి. 10 వారాల్లో మీకు రెండు జీతాలు వస్తాయి. మిగులు 25 చొప్పున 50. తక్కువ పడేది 8. దానికోసం రుణం తీసుకుని, దాని పరిశీలన రుసుము కట్టి, ఏడాదో రెండేళ్లో వాయిదాలు మోయడం చీమ మీద రోకలి విసరడమే. 58నే 50కి దించుదాం.

దించే చోటు తేదీల్లో ఉంది. కొత్త అద్దె 30 అంటే రోజుకు 1. 10 రోజుల ముందు తాళాలు తీసుకుంటే 10 రోజులు రెండు ఇళ్లకూ అద్దె కడుతున్నట్టు. 3 రోజుల ముందు ఇమ్మని అడగండి, 7 మిగులుతుంది. ఒక్క రోజు కూడా వద్దనుకుంటారేమో, అది నేను ఒప్పుకోను. ఖాళీ ఇంట్లో ఫ్యాన్లు, కుళాయిలు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికీ, శుభ్రం చేసుకోవడానికీ ఆ 3 రోజులు కావాలి. ఇంకో ఉచ్చు కూడా ఉంది. వేసవి సెలవుల్లో, నెలాఖరున, శని ఆదివారాల్లో లారీలకు గిరాకీ ఎక్కువ. నెల మధ్యలో, వారం మధ్యలో అయితే బేరం ఆడవచ్చు. కానీ నెల మధ్యలో వెళితే పాత ఇంటికి మిగతా 15 రోజుల అద్దె ఊరికే కట్టవలసి వస్తుందేమో చూడండి. లారీలో 5 తగ్గించుకుని అద్దెలో 12 పోగొట్టుకున్నవారిని చూశాను. పాత ఇంటివారు రోజుల లెక్కన అద్దె తీసుకుంటారా అని అడగండి. కాదంటే నెలాఖరే ఉంచుకుని, శనివారానికి బదులు మంగళవారమో బుధవారమో వెళ్లండి. అలా 2 తగ్గినా, తాళాల 7తో కలిపి 9. మీకు కావలసింది 8.

తరలింపు సంస్థ 33 అన్నది మీ ఇంటికి వచ్చి చూసి చెప్పిందా, ఫోనులో చెప్పిందా? ఫోనులో అయితే అది ధర కాదు, ఎర. ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, అట్టపెట్టెలు ఎవరివి, లారీ నిలబడితే అదనమా అన్నవన్నీ కాగితం మీదకు రావాలి. మొత్తం ముందే కడితే తగ్గిస్తామంటే వద్దనండి. సామాను లారీ ఎక్కాక బేరమాడే బలం మీకు ఉండదు. నష్టపరిహారం షరతు కూడా చదవండి. కొన్ని ఒప్పందాల్లో అది బరువు లెక్కన ఉంటుంది. ఆ లెక్కలో మీ 2 కిలోల ల్యాప్‌టాప్ కన్నా 40 కిలోల పాత ఇనుప మంచమే విలువైనది. అందుకే ల్యాప్‌టాప్, నగలు, పత్రాలు మీ సంచిలోనే వెళ్లాలి. మందులు కూడా అంతే. 35 డిగ్రీల ఎండలో మూసి నిలిపిన వాహనం లోపల గంటలోనే 50 డిగ్రీలు దాటుతుంది. చాలా మందుల పెట్టెల మీద 25 లేదా 30 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది.

సామాను తగ్గితే కిరాయి కూడా తగ్గవచ్చు. ఈ విషయంలో నేను చెప్పగలిగింది నా తప్పు గురించే. ఒకసారి ఇల్లు మారినప్పుడు ఒక పాత చెక్క బీరువాను వదలలేక లారీ ఎక్కించాను. కొత్త ఇంట్లో రెండో అంతస్తు మెట్ల మలుపు దగ్గర అది అడ్డం తిరిగి ఇరుక్కుంది. నలుగురు మనుషులు అరగంట చెమటోడ్చి, చివరికి తలుపులు ఊడదీసి, ఒక కాలు విరగ్గొట్టి పైకి చేర్చారు. వారికిచ్చిన అదనపు కూలితో అలాంటిది ఇంకొకటి వచ్చేది. మీరు ఒక టేపు తీసుకుని కొత్త ఇంటి మెట్ల మలుపునూ, తలుపుల వెడల్పునూ కొలిచి రండి. పట్టనివాటిని ఇప్పుడే అమ్మేయండి. వెళ్లే వారంలో అమ్మితే ఎంత అడిగితే అంతకు ఇచ్చేస్తారు.

కార్డు గురించి ఒక్క మాట. గడువులోపు మొత్తం కట్టేయగలిగితే దాన్ని వాడుకోండి, తప్పులేదు. బాకీ మోయవలసి వస్తే వద్దు. నెలకు 3 శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 అనుకుంటారు, చక్రవడ్డీతో 42 దాటుతుంది. వడ్డీ లేని వాయిదాలు అన్నచోట రుసుము ఎంతో, రొక్కంగా కడితే ఎంత తగ్గిస్తారో అడిగి చూడండి, వడ్డీ ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది.

మీ ఉత్తరంలో ఒక సంగతి లేదు. ఖాళీ చేస్తున్నామని పాత ఇంటివారికి రాతపూర్వకంగా చెప్పారా? ఒప్పందంలో నోటీసు గడువు 2 నెలలని ఉంటే, మీకున్న 10 వారాల్లో ఇక మిగిలింది ఒకటిన్నర వారమే. ఆ కాగితం ఇవాళ రాత్రే తీసి చూడండి.