బడి మిద్దె మీది వాన నీళ్లు

చిరంజీవి నాయనకు, పెద్దనాయన ఆశీస్సులు.

ఊరికి ఏమైనా చేద్దామని నువ్వూ నీ స్నేహితులూ డబ్బు కూడబెట్టినారని తెలిసి చాలా సంతోషమైంది. దాన్ని పలకలకింత, దుప్పట్లకింత అని ముక్కలు చేయొద్దు. అంతా పిల్లల తాగునీటికే పెట్టండి. మన అనంతపురం పల్లెల్లో చాలా బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. దానివల్ల పంటి మీద గోధుమరంగు చార పడిందంటే ఇక పోదు. పాలపళ్లు ఊడినాక వచ్చే పళ్లు చిగురు లోపల తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ల లోపే. అందుకే ముందు అంగన్‌వాడీ, ప్రాథమిక బడి. హైస్కూలు సంగతి ఆ తర్వాత.

మొదట నీళ్లు పరీక్ష చేయించు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు లీటరు నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టుకుపో, గాజు సీసా వద్దు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే గతి లేకుంటే 1.5 దాకా ఒప్పుతారు. కాచి తాగితే పోతుందనేది తప్పు. కాచేకొద్దీ నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

ఆర్వో యంత్రం కొనిద్దామని అందరూ అంటారు. అది తోడిన నీళ్లలో చాలా భాగం బయట పారబోస్తుంది, మన ఉప్పునీళ్లకు దాని పొర తొందరగా పూడుకుపోతుంది, మార్చే ఖర్చు ఎవరూ పెట్టుకోరు. మిద్దె మీద పడే వానలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు, దాన్ని పట్టుకోవడమే మేలు.

లెక్క చూడు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె అంటే 93 చదరపు మీటర్లు. మన జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అయిదో వంతు పోయిందనుకున్నా 40 వేల లీటర్లు దొరుకుతాయి. 60 మంది పిల్లలకు తాగడానికి, మధ్యాహ్నం వంటకు కలిపి తలకు 2 లీటర్లు, 220 రోజులకు 26,400. అక్టోబరు వానలు ఆగినాక ఏప్రిల్ దాకా సుమారు 130 బడి రోజులు, అంటే 15,600 లీటర్లు నిలవ ఉండాలి. నేలలో 13 అడుగుల పొడవు, 8 వెడల్పు, ఆరున్నర అడుగుల లోతు నీళ్లు నిలిచే తొట్టి కడితే 19 వేలు పడుతుంది. కరువు ఏడాది వంటకు ఆపి, తాగడానికి మాత్రమే వాడుకోవాలి.

తొట్టి మరుగుదొడ్డి గుంతకు 50 అడుగుల దూరంలో ఉండాలి. పైన తాడిపత్రి బండలు పరిచి సందులు సిమెంటుతో మూయించు. వెలుతురు పడితే పాచి, సందుంటే దోమ. బక్కెట తాడుతో చేదడం వద్దు, చేతిపంపు పెట్టించు. బేల్దారి మేస్త్రీ తొందరపడినా రెండు వారాలు గోడలకు నీళ్లు పట్టనీ. తర్వాత నింపి, మట్టానికి గీత పెట్టి, మరుసటి రోజు చూడు. గీత కిందికి బాగా దిగితే కారుతున్నట్టే.

ఎక్కువగా చెడేది మొదటి వాన దగ్గరే. మిద్దె మీది దుమ్ము, పిట్టల రెట్ట అంతా దాంతోనే దిగుతుంది. మిద్దె నుంచి తొట్టిలోకి దిగే గొట్టానికి పక్కగా 200 లీటర్ల డ్రమ్ము పెట్టి మొదటి నీళ్లు అందులోకి పోనివ్వాలి. వాన వెలిసినాక దాన్ని ఖాళీ చేసే మనిషి లేకుంటే పెట్టినా దండగే.

బ్లీచింగ్ పొడి వెయ్యి లీటర్లకు 4 గ్రాములు. బక్కెటలో కలిపి, సున్నం అడుగుకు దిగినాక పైతేట మాత్రమే పోయాలి. అరగంట తర్వాత క్లోరోస్కోపులో, అంటే నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో రంగుతో చూపే పరికరంలో, లేత పసుపు రాకుంటే పొడి సత్తువ పోయిందన్నమాట. మూట విప్పి పెడితే అంతే.

తొట్టి ఖాళీ అయిందని ఎవరో ఒకరు బోరు నీళ్లు నింపుతారు. చేసిందంతా ఆ ఒక్క రోజుతో పోతుంది. 1990లలో సత్యసాయి నీటి పథకం మన జిల్లాలో ఎన్నో ఊళ్లకు గొట్టాలు వేసింది. ఆ కొళాయి మీ ఊళ్లో ఉంటే, పరీక్ష చేయించి ఆ నీళ్లే నింపమను.

తొట్టికి గుంత తవ్వే పని ఊరివాళ్లనే చేయమను. డబ్బు లేదన్నవాళ్లు కూడా రెండు రోజులు గడ్డపార పడతారు, అప్పుడే పగిలిన గొట్టం గురించి అడుగుతారు. పంచాయతీ తీర్మానం కాగితం మీద ఉండాలి. డ్రమ్ము, పొడి, తాళంచెవి పొదుపు సంఘానికి అప్పగించు. ఇంటికి నెలకు 10 రూపాయలు వాళ్లే వసూలు చేసుకోనీ. మీ పేర్లతో శిలాఫలకం వేయొద్దు నాయనా. అది వేస్తే తొట్టి మీదైపోతుంది, బాగుచేయాల్సింది మీరే అంటారు.

బడికి సెలవులిచ్చిన వెంటనే తవ్వకం మొదలైతే ముంగారు వానకు తొట్టి సిద్ధమవుతుంది. మిద్దెను టేపుతో కొలిచి, వాలు ఏ దిక్కుకుందో కూడా రాసి పంపు.

మీ పెద్దనాయన