ఊచలెక్కి దూకేస్తున్నాడు, ఇక మంచం మీదికి మార్చెయ్యాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది పర్లాకిమిడి. మావారి ఉద్యోగం రాయగడలో, వారానికోసారి వస్తారు. బాబుకి రెండేళ్ళ నాలుగు నెలలు. ఆరో నెల నుంచీ ఊచల తొట్టి మంచంలోనే పడుకుంటున్నాడు. పోయిన నెల నుంచి ఊచల మీద కాలేసి పైకెక్కేస్తున్నాడు. మొన్న మధ్యాహ్నం అలాగే అవతలికి పడ్డాడు, నుదురు బొప్పి కట్టింది. డాక్టరు గారు చూసి పరవాలేదన్నారు గానీ నాకు ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. నాకిప్పుడు ఏడో నెల. మా అత్తయ్యగారు నా పక్కలో పడుకోబెట్టుకుంటాను, వేరే మంచం ఎందుకు అంటారు. ఆవిడది పాతకాలం పందిరి మంచం, బాగా ఎత్తు. మా తమ్ముడేమో నేల మీద పరుపు వేసెయ్యక్కా, ఫోన్‌లో అందరూ అదే చెప్తున్నారు అంటాడు. రాత్రయితే చాలు టెన్షన్ మొదలవుతోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. ఈ రాత్రి నుంచే బాబుని ఆ తొట్టి మంచంలో పడుకోబెట్టడం మానెయ్యండి. ఒకసారి దాటడం వచ్చిన పిల్లవాడు మళ్ళీ దాటుతాడు, ఈసారి నుదురే తగులుతుందని ఏమీ లేదు. మామూలుగా అయితే మూడేళ్ళ దాకా తొట్టిలోనే ఉంచినా తప్పులేదు, తొందరపడి మార్చవద్దనే చెప్తాను. కానీ బిడ్డ ఎత్తు 35 అంగుళాలకి, అంటే దాదాపు 90 సెంటీమీటర్లకి వచ్చినా, నిలబడితే పై కమ్మీ ఛాతీ దగ్గరికి వచ్చినా, పరుపుని అడుక్కి దించాక కూడా ఎక్కేస్తున్నా మార్చాల్సిందే. మీవాడు ఎక్కడమే కాదు, పడిపోయాడు కూడా.

ఇప్పుడు మీ తమ్ముడి మాట. నేల మీద పరుపు వేస్తే పడినా దెబ్బ తగలదు, నిజమే. కానీ ఆ సలహా ఎక్కడో పై అంతస్తుల్లో ఉండేవాళ్ళకి సరిపోతుంది. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో చుట్టూ పొలం, కొండ, వానాకాలం బురద. కట్లపాము తిరిగేది రాత్రిపూట. అది కరిచేది ఎక్కువగా నేల మీద నిద్రపోతున్నవాళ్ళనే, కాటు చాలాసార్లు నొప్పిగా కూడా ఉండదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. పిల్లల వార్డులో 30 ఏళ్ళు పనిచేశాను, నేల మీద పడుకున్న పిల్లల్ని అలా ఎత్తుకొచ్చిన తల్లుల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే. అందుకని నేల వద్దు. తప్పనిసరి అయితే దోమతెర అంచులు నాలుగు వైపులా పరుపు కిందికి గట్టిగా దోపి మాత్రమే వేయండి. మన వైపు మలేరియా కూడా ఉంది కాబట్టి మంచమైనా సరే, తెర ఎలాగూ కావాలి. దుప్పటి అంచు నేలకి తగిలేలా వేలాడనివ్వకండి.

అత్తయ్యగారి పందిరి మంచం మీద పిల్లవాడు ఒక్కడూ ఉంటే, ఆ ఎత్తు నుంచి పడటం తొట్టి లోంచి పడటం కంటే ఏమీ తక్కువ కాదు. ఆవిడ మాట తీసేయమనడం లేదు. ఆవిడ మంచాన్ని ఆనుకుని ఒక పొట్టి మంచం వేయించండి, పరుపుతో కలిపి అడుగు, అడుగుంపావు ఎత్తు దాటకుండా. ఆవిడ చెయ్యి చాపితే మనవడి వీపు అందాలి. రెండేళ్ళవాడికి వేరే గది ఎందుకు? మన ఇళ్ళలో అది ఎప్పుడూ లేదు, అవసరమూ లేదు. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, పసిబిడ్డ పుట్టాక పెద్దవాణ్ణి, చిన్నబిడ్డని ఒకే పక్క మీద పడుకోబెట్టకూడదు. నిద్రలో పెద్దవాడి చెయ్యో కాలో చిన్నదాని ముక్కు మీద పడితే పక్కకి నెట్టే శక్తి దానికి ఉండదు.

కొత్త మంచం కొనే డబ్బులు లేకపోతే ఉన్న తొట్టినే వడ్రంగి చేత మార్పించవచ్చు. ఒక పక్క ఊచలు తీయించి ఆ చోట అడ్డపట్టె గట్టిగా బిగించమనండి, ఊరికే తీసేస్తే కీళ్ళు వదులై మొత్తం ఊగిపోతుంది. ఇక పక్క కమ్మీ పెట్టే పనైతే కమ్మీకీ పరుపుకీ మధ్య సందే ఉండకూడదు. గోడకి ఆనించినా అంతే. పిల్లలు పడటం కన్నా ఆ సందులో ఇరుక్కోవడం ఎక్కువ ప్రమాదం, అక్కడ దిండ్లు కూరడం వల్ల లాభం లేదు.

తొట్టి పోయిందంటే ఇక గదే తొట్టి అని అనుకోండి. రాత్రి రెండింటికి మీరు నిద్రలో ఉండగా వాడు ఆ గదిలో ఒక్కడే నడుస్తాడు. ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని వాడి ఎత్తు నుంచి చూడండి: టేబుల్ ఫ్యాను, ప్లగ్గులు, బీరువా మీద నుంచి వేలాడే గుడ్డ, మందుల డబ్బా, కిటికీ పక్కనున్న కుర్చీ. బీరువాని గోడకి మేకులతో బిగించండి. తలుపు బయట గడియ పెట్టకండి, వాడు భయపడతాడు, ఏదైనా జరిగితే తియ్యడానికి ఆలస్యమవుతుంది. పెరట్లోకి వెళ్ళే తలుపుకి మాత్రం పైన గడియ ఉండాలి.

అసలు పని ఇదంతా కాదు, పడుకోబెట్టే వరసే. చోటు మారినా వరస మారకూడదు. స్నానం, పాలు, దీపం తగ్గించడం, జోల, పడుకోవడం, రోజూ అదే టైముకి. మొదట మధ్యాహ్నం నిద్ర కొత్త మంచం మీద అలవాటు చేసి, రెండు మూడు రోజులకి రాత్రి కూడా అక్కడే ఒక్కణ్ణీ పడుకోబెట్టండి. అప్పటిదాకా రాత్రిళ్ళు అత్తయ్యగారు ఆ పొట్టి మంచం మీద వాడి పక్కనే పడుకుంటే సరి. తొట్టిలో కప్పిన బొంతనే కొత్త మంచం మీదా కప్పండి, ఉతికి కొత్త వాసన రానివ్వకండి. మా మనవడు మొదటి రాత్రి తొమ్మిదిసార్లు లేచొచ్చాడు. బొంత కొసని నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి నా మంచం పక్కన నిలబడి, మాట్లాడకుండా నా ముఖంలోకి చూసేవాడు. తొమ్మిదిసార్లూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పడుకోబెట్టాను, కోప్పడలేదు, కథా చెప్పలేదు, దీపం వెయ్యలేదు. రెండో రాత్రి ఆరుసార్లు. పదో రోజుకి మానేశాడు. మీవాడికి రెండు వారాలు పట్టొచ్చు, మూడు పట్టొచ్చు, మధ్యలో ఒక రాత్రి జాలేసి మీ పక్కలోకి తీసుకుంటే మర్నాడు అదే అడుగుతాడు. ఏడో నెలలో మీరు లేవలేరు కాబట్టి ఈ పని అత్తయ్యగారికి, శని ఆదివారాలు మీవారికి అప్పజెప్పండి. ఇద్దరూ ఒకే పద్ధతిలో చెయ్యాలని మాత్రం ముందే కూర్చోబెట్టి చెప్పండి. ఈ వయసుకి మధ్యాహ్నం నిద్ర కలిపి రోజుకి 11 నుంచి 14 గంటలు పడుకోవాలి, అయినా రాత్రి ఆలస్యమైందని పొద్దున్న నిద్ర అలాగే సాగనివ్వకండి.

మీకు ఇంకా రెండు నెలలుంది, ఇదే సరైన సమయం. కాన్పయ్యాక మొదలుపెడితే చెల్లెలో తమ్ముడో వచ్చి నా చోటు లాక్కున్నారని వాడికి అనిపిస్తుంది. తొట్టిని వడ్రంగి చేత మార్పించకపోతే ఇప్పుడే విప్పి అటక మీద పెట్టించండి, వాడు దాన్ని మర్చిపోయాకే కిందికి దింపండి. పాలు మాన్పించడం, ఉచ్చకి కూర్చోబెట్టడం లాంటివి ఈ రెండు వారాల్లో ముట్టుకోవద్దు.

మళ్ళీ ఎప్పుడైనా పడి, వాంతులు చేసుకున్నా, మగతగా ఉన్నా, కళ్ళు తేలేసినా, ఫిట్స్ వచ్చినా, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్ళలా కారినా ఆగకుండా ఆస్పత్రికి పొండి.

ప్రశ్న: మేము చంద్రపూర్ దగ్గర రాజురాలో ఉంటాం. పాపకి ఏడాదిన్నర. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో ఊపితేనే నిద్ర. మంచం మీద వేస్తే లేచి కూర్చుంటుంది.

జవాబు: పుట్టినప్పటి నుంచీ ఊపుతుంటే ఊపు లేకుండా నిద్ర ఎలా వస్తుంది తల్లీ, పాప తప్పేం లేదు. కానీ ఏడాదిన్నర పాప ఉయ్యాలలో లేచి నిలబడుతుంది, గిరగిరా తిరుగుతుంది, చీర మెలిపడి మెడకి చుట్టుకుంటుంది. ఇలా ప్రాణాలు పోయిన పిల్లలున్నారు. మీరు పొయ్యి దగ్గరికి వెళ్ళి వచ్చేలోపు జరిగిపోతుంది. ఈ వారం మీరు పక్కనే కూర్చుని ఊపండి, రోజురోజుకీ ఊపు తగ్గిస్తూ, కళ్ళు మూతపడుతుండగానే ఆపెయ్యండి. వచ్చే వారం మెలకువగా ఉండగానే పొట్టి మంచం మీద పడుకోబెట్టి ఊపే బదులు వీపు మీద నెమ్మదిగా తట్టండి. నాలుగైదు రోజులు ఏడుస్తుంది, పక్కనే ఉండండి. ఉయ్యాల విప్పేశాక ఆ చీరనే నాలుగు మడతలు వేసి పరుపు మీద పరిచి, కొసలు కిందికి దోపండి. పాపకి తెలిసిన మెత్తదనం, వాసన అదే.