గోడ దగ్గర 10 మిల్లీమీటర్లు వదలండి

ఇంటి పని: పాఠకుల ప్రశ్నలు, మేస్త్రి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చెక్క ఫ్లోరింగ్ గురించే. అందుకని శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేస్త్రి గారూ, నమస్తే. మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. బెడ్‌రూమ్ పొడవు 14 అడుగులు, వెడల్పు 11 అడుగులు. కింద విట్రిఫైడ్ టైల్స్ ఉన్నాయి. వాటిని పగలగొట్టకుండా పైనే లామినేట్ బోర్డులు వేసుకోవచ్చని షాపులో చెప్పారు. మా వారూ, ఇంటర్ చదివే మా అబ్బాయీ తామే వేస్తామంటున్నారు. వాళ్లవల్ల అవుతుందా? నాకు టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: అవుతుందమ్మా, నిశ్చింతగా ఉండండి. లామినేట్ అంటే చెక్క పొడిని అదిమి చేసి, పైన చెక్క రూపం ముద్రించిన పొర అతికించిన బోర్డు. ఇది జిగురుతో, మేకులతో నేలకు బిగించే పని కాదు. బోర్డులన్నీ ఒకదాని అంచులో ఒకటి బిగుసుకుని ఒకే పెద్ద పలకలా ఫోమ్ షీటు మీద ఊరికే పడి ఉంటాయి. 1990ల చివర్లో ఈ క్లిక్ పద్ధతి వచ్చాక జిగురు అవసరం కూడా పోయింది. చేతిలో కాస్త ఒడుపు, కొలతలు రాసుకునే ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా వేయొచ్చు.

ముందు టైల్స్ చూడండి. రూపాయి బిళ్లతో ఒక్కో టైల్ మీద తట్టండి. డొల్ల శబ్దం వచ్చినా కదలకపోతే ఫరవాలేదు. కాలు వేస్తే కదిలే టైల్ ఉంటే తీసి మళ్లీ అతికించాల్సిందే. తర్వాత 2 మీటర్ల అల్యూమినియం బద్దను నేల మీద నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి చూడండి. దాని కింద ఎక్కడైనా 3 మిల్లీమీటర్లకు మించి సందు కనిపిస్తే ఆ పల్లాన్ని సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్‌తో, అంటే పోయగానే తనంతట తానే సమంగా పరుచుకునే మిశ్రమంతో, నింపాలి. పల్లాన్ని వదిలేసి రెండు ఫోమ్ షీట్లు వేసి సరిపెడదాం అనేవాళ్లు ఉంటారు, ఒప్పుకోకండి. కింద మెత్తన ఎక్కువైతే అడుగు వేసినప్పుడల్లా బోర్డు వంగుతుంది. ఏడాది తిరిగేసరికి క్లిక్ అంచులు విరుగుతాయి. 2 లేదా 3 మిల్లీమీటర్ల ఫోమ్ ఒక్క వరస చాలు.

ఇక బోర్డులు. మామూలుగా దొరికేవి 8 మిల్లీమీటర్ల మందంలో, 1215 మిల్లీమీటర్ల పొడవు, 195 వెడల్పు ఉంటాయి. పెట్టెకు 8 వస్తే సుమారు 20.4 చదరపు అడుగులు కప్పుతాయి. మీ గది 154 చదరపు అడుగులు, తరుగు 10 శాతం కలిపితే 169. అంటే 9 పెట్టెలు కొనండి. మిగిలిన బోర్డులు పారేయకుండా మంచం కింద దాచండి, రేపు ఒకటి పాడైతే అదే రంగు మళ్లీ దొరకదు. పెట్టె మీద అరుగుదలను ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఏసీ 4 అని ఉంటే ఇంటి వాడకానికి గట్టిగా నిలుస్తుంది. వాసన గురించి, పిల్లల గురించి ఆలోచించేవాళ్లు ఈ1 గుర్తు కూడా చూసుకోండి, అది ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే రకానికి ఇచ్చే గుర్తు.

పెట్టెలు ఇంటికి వచ్చాక విప్పకుండా, అదే గదిలో నేల మీద పడుకోబెట్టి 48 గంటలు ఉంచండి. ఆ గది గాలికి చెక్క అలవాటు పడాలి. ఈలోగా కొలతలు తీయించండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. మీ గదినే తీసుకుందాం. వెడల్పు 11 అడుగులంటే 3353 మిల్లీమీటర్లు. చెక్క ఉబ్బినా చోటుండేలా రెండు గోడల దగ్గరా పదేసి వదిలితే మిగిలేది 3333. అందులో 195 చొప్పున 17 వరసలు పడతాయి, చివర 18 మిల్లీమీటర్ల పేలిక మిగులుతుంది. అంత సన్న ముక్క నిలవదు, చివరి వరస కనీసం 50 మిల్లీమీటర్లు ఉండాలి. కాబట్టి ఆ 18ని ఒక బోర్డు వెడల్పుతో కలిపి సగం చేయండి. మొదటి వరసనూ చివరి వరసనూ 106 చొప్పున నిలువుగా కోసుకుంటే మధ్యలో 16 నిండు వరసలు సరిగ్గా కూర్చుంటాయి. చూడటానికీ రెండు వైపులా సమానంగా ఉంటుంది.

మొదట 0.2 మిల్లీమీటర్ల పాలిథిన్ షీటు, జాయింట్ల దగ్గర 20 సెంటీమీటర్లు ఒకదానిపై ఒకటి వచ్చేలా పరిచి టేపు వేయండి. ఇది కింది చెమ్మ చెక్కకు తగలకుండా ఆపుతుంది. మీది మూడో అంతస్తే అయినా కింద ఉన్నది సిమెంటే, షీటుకు అయ్యే ఖర్చూ తక్కువే. దాని మీద ఫోమ్, అంచులు ఆనుకునేలా, ఒకదానిపై ఒకటి ఎక్కకుండా. గోడ పొడవునా చిన్న చెక్క ముక్కలు నిలబెట్టి 10 మిల్లీమీటర్ల సందు పట్టుకోండి. బోర్డులు కిటికీ వెలుతురు వచ్చే వైపుకి పొడవుగా పడితే జాయింట్లు కనిపించవు. మీ గదిలో అది పొడవు గోడ వెంటే అయితే మొదటి వరస మూడు నిండు బోర్డులు, రెండడుగుల ముక్కతో ముగుస్తుంది. కోయగా మిగిలిన రెండో సగంతో రెండో వరస మొదలుపెట్టండి. అలా చేస్తే పక్క పక్క వరసల జాయింట్ల మధ్య కనీసం ఉండాల్సిన 30 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ దూరమే వస్తుంది, చెక్కా వృథా కాదు.

చేతి రంపంతో కోస్తే బోర్డు ముఖం పైకి ఉండాలి, జిగ్‌సా మెషిన్‌తో అయితే కిందికి. బోర్డును బిగించేటప్పుడు సుత్తి నేరుగా అంచు మీద పడకూడదు. మధ్యలో ఒక చెక్క ముక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టండి. ద్వారబంధం దగ్గర బోర్డును వంపులుగా చెక్కే ప్రయత్నం చేయొద్దు. ఫోమ్ ముక్క మీద బోర్డు ముక్క పెట్టి, దాని మీద రంపం ఆనించి ద్వారబంధం అడుగునే ఆ మందం మేరకు కోసి, బోర్డును కిందికి దూర్చండి. లోపల కూడా సందు ఉండాలి. తలుపు రెక్క కింద 10 మిల్లీమీటర్లకు పైగా ఖాళీ లేకపోతే వడ్రంగిని పిలిచి అడుగున చిత్రిక పట్టించుకోండి.

మంచం, బీరువా పైన పెట్టుకోవచ్చు. గోడకు బిగించిన కప్‌బోర్డు ఉంటే బోర్డులను దాని ముందు వరకే ఆపండి. నేల మీదికి స్క్రూ దిగే పని ఏదీ, తలుపు ఆపే స్టాపర్‌తో సహా, బోర్డులోంచి చేయించకండి.

ప్రశ్న: మా హాలూ డైనింగూ కలిపి 32 అడుగులు. పోయిన మే నెలలో ఒక కాంట్రాక్టర్‌తో లామినేట్ వేయించాం. ఆగస్టు వచ్చేసరికి హాలు మధ్యలో గుమ్మటంలా లేచింది. కాలు వేస్తే కిందికి పోయి మళ్లీ పైకి వస్తోంది. చెక్క క్వాలిటీ బాగాలేదని ఆయన అంటున్నాడు. అంతా మార్చాల్సిందేనా? (ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం)

జవాబు: మార్చకండి సార్. ముందు స్కర్టింగ్, అంటే గోడ అడుగున బిగించిన పట్టీ, విప్పి చూడండి. మీరు చెప్పిన లక్షణాలకు దాదాపు ఎప్పుడూ కారణం అక్కడే ఉంటుంది.

వానాకాలంలో ఇంట్లో టేకు తలుపు బిగుసుకుపోయి గట్టిగా లాగితే గానీ రాకపోవడం మనందరికీ తెలుసు. ఈ బోర్డుల లోపల ఉన్నదీ చెక్క పొడే. గాలిలో తేమ పెరిగితే అదీ ఉబ్బుతుంది. సముద్రం పక్కన ఉన్న మీ ఊళ్లో మరీ ఎక్కువ. ఎండల్లో వేసిన ఫ్లోరింగ్ వానలకు పెరగబోతే గోడ దగ్గర చోటు లేదు, పోవడానికి దారి లేక మధ్యలో పైకి లేచింది. స్కర్టింగ్ వేసేవాళ్లు ఆ సందును చూసి, పనివాడు వదిలేశాడనుకుని వైట్ సిమెంటో పుట్టీయో దట్టించి పోతారు. ఇలా నింపిన ఇళ్లు ఎన్ని చూశానో. అంత ఖర్చు పెట్టి, ఇష్టంగా వేయించుకున్నవాళ్లు తమ హాల్లో తామే భయంగా నడవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

రెండో కారణం పొడవు. మీది దాదాపు 9.75 మీటర్లు. 8 నుంచి 10 మీటర్లు దాటితే మధ్యలో ఒక పట్టీ పెట్టి ఫ్లోరింగ్‌ను విడగొట్టాలని చాలా కంపెనీలు రాస్తాయి. హాలు, డైనింగ్ కలిసే చోట ఆ పట్టీ పెట్టించండి. గోడల వెంట నింపిందంతా గీకించి, సందు లేని చోట బోర్డు అంచును మల్టీ టూల్ అనే చిన్న కోత మెషిన్‌తో 10 నుంచి 12 మిల్లీమీటర్లు కోయించండి. టీవీ యూనిట్ లాంటిదేమైనా బోర్డుల్లోంచి నేలకు బిగించి ఉంటే ఆ స్క్రూలు తీయించండి. క్లిక్ అంచులు విరగకపోతే కొద్ది రోజుల్లో గుమ్మటం దానంతటదే దిగుతుంది. కొత్త స్కర్టింగ్‌కు మేకులు గోడకే, బోర్డుకు కాదు.

ఒక తేడా మాత్రం గమనించండి. కాలికి మెత్తగా ఊగితే చోటు చాలకపోవడం. ఊగకుండా, జాయింట్ల వెంట సన్నగా గట్టి గట్లు లేస్తే నీళ్లు దిగినట్టు. ఆ బోర్డులు మళ్లీ మామూలు కావు, మార్చుకోవాల్సిందే.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో అపార్ట్‌మెంట్ కొన్నాం. కార్పెట్ తీసేసి 14 మిల్లీమీటర్ల ఇంజినీర్డ్ ఓక్ వేద్దామనుకుంటున్నాం. ఇక్కడ అందరూ ఇదే వేస్తున్నారు. ఏమైనా చెబుతారా? (ఒక పాఠకుడు, ఆస్ట్రేలియా)

జవాబు: బోర్డులు కొనకముందే మీ ఓనర్స్ కార్పొరేషన్ (అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం) నిబంధనలు చదివి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి బాబూ. కార్పెట్ తీయగానే కింది ఇంటివాళ్లకు మీ అడుగుల చప్పుడు మొదలవుతుంది. శబ్దాన్ని ఆపే అండర్‌లే, అంటే బోర్డుల కింద పరిచే షీటు, ఏ రేటింగ్‌ది కావాలో కార్పొరేషన్ వాళ్లే చెబుతారు. వేసే పద్ధతి పైన చెప్పిందే. ఇంజినీర్డ్ బోర్డులో అడుగున వేరే చెక్క పొరలు ఉన్నా పై పొర అసలైన ఓక్ కనుక దాని మందం అడిగి తెలుసుకోండి, 3 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉంటే ముందుముందు ఇసక కాగితం పట్టించి కొత్తగా చేసుకోవచ్చు.

ప్రశ్న: మేం రోజూ ఇల్లంతా తడిగుడ్డ పెడతాం, పండక్కి కడుగుతాం. వంటగది, పూజగదితో సహా చెక్క ఫ్లోరింగ్ వేయిద్దామని మా కోడలి కోరిక. వేయించమంటారా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: బెడ్‌రూములకు వేయించండమ్మా, కోడలి ముచ్చట తీరుతుంది. వంటగదికీ పూజగదికీ లామినేట్ వద్దు. అభిషేకం నీళ్లు, దీపం నూనె, పసుపు కుంకుమ పడే చోట అది నిలవదు. జాయింట్‌లోంచి దిగిన నీటికి లోపలి చెక్కపొడి ఒకసారి ఉబ్బితే ఆరినా తగ్గదు. ఆ గదులకు ఉన్న టైల్సే మేలు. ఒకే రూపం కావాలంటే రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే ఎస్‌పీసీ బోర్డులు నీళ్లకు ఉబ్బవు. అయితే బాల్కనీ అద్దాల్లోంచి ఎండ నేరుగా పడే చోట వేడికి అవి సాగుతాయి, పరదా కట్టాలి. వాటికి అడుగున ఫోమ్ అతికించే వస్తే ఇంకో ఫోమ్ వేయకూడదు.

వీధి గుమ్మం దగ్గర మాత్రం నా మాట వినండి. శుక్రవారం శుక్రవారం గడప కడిగి పసుపు రాస్తారు కదా, ఆ నీళ్లు లోపలికీ వస్తాయి. గడప నుంచి లోపలికి ఒక అడుగున్నర మేర టైల్స్ అలాగే ఉంచి, అక్కడ పట్టీతో ముగించి చెక్క మొదలుపెట్టించండి. పట్టీని టైల్‌కు బిగించాలి, బోర్డుకు కాదు. గడపకూ గౌరవం, చెక్కకూ రక్షణ.

బోర్డుల మీద తడిగుడ్డ గట్టిగా పిండి పెట్టండి, తుడిచిన నిమిషంలో ఆరిపోవాలి. బకెట్ నీళ్లు పోయకూడదని పనిమనిషికి మొదటి రోజే దగ్గరుండి చూపించండి.

ప్రశ్న: మాది రాజమహేంద్రవరంలో తాతగారు కట్టిన ఇల్లు, కింద పాత గచ్చు. అటక మీద ఆయన దాచిన టేకు పలకలు ఉన్నాయి, అంగుళం మందం. వాటినే క్లిక్ ఫ్లోరింగ్‌లా వేయించవచ్చా? (ఒక పాఠకుడు)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మేం వడ్రంగం ఇంటివాళ్లం, పాత టేకు అంటే మాకు ప్రాణం. కానీ ఆ పలకలను జిగురూ మేకులూ లేకుండా ఊరికే పరచలేం. నిండు చెక్క పొడవునా దాదాపు కదలదు, వెడల్పున మాత్రం ప్రతి ఋతువుకూ కదులుతుంది, పలక వెడల్పయిన కొద్దీ అంచులు లేస్తాయి. వాటిని సా మిల్లులో 3 లేదా 4 అంగుళాల వెడల్పుకు కోయించి, ఒక అంచున నాలుక, ఇంకో అంచున గాడి తీయించి, కింద చెక్క పట్టీలు పరిచి వాటికి మేకులతో బిగించాలి. నేల రెండంగుళాల దాకా పైకి వస్తుంది, తలుపులన్నీ చూసుకోవాలి.

అంతకన్నా ముందు చెమ్మ. కింది అంతస్తు పాత గచ్చు భూమిలోంచి తేమ పీలుస్తుంది. 18 అంగుళాల చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో నేలకు అతికించి, కనీసం 16 గంటలు వదిలేయండి. తీసి చూస్తే లోపల నీటి బొట్లు ఉన్నా, గచ్చు రంగు ముదిరినా అక్కడ ఏ చెక్కా వేయకూడదు. పరీక్ష వానాకాలంలో కూడా చేయండి, ఎండాకాలంలో చేసింది నమ్మొద్దు. చెదల మందు ఐఎస్ 6313 మూడో భాగం ప్రకారం కొట్టించండి, అది ఇప్పటికే కట్టి ఉన్న ఇళ్లకు చెప్పిన పద్ధతి.

ముందు పలకలను అటక మీంచి దింపి, మధ్య మధ్య చిన్న కర్రలు పెట్టి గాలి ఆడేలా పేర్చండి. ఎన్ని ఉన్నాయో, ఒక్కోటి పొడవు వెడల్పు ఎంతో, పగుళ్లు, పురుగు రంధ్రాలు ఎక్కడున్నాయో రాసి ఫోటోలతో పంపండి. ఒక గదికి సరిపోతాయో, లేక గడపలకూ మెట్లకూ వాడుకోవడం మేలో అప్పుడు చెబుతాను.