కొత్త డీన్‌కి మావయ్య ఉత్తరం

చిరంజీవి మాధవికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు మ్యాథ్ డివిజన్‌కి డీన్‌వి అయ్యావని మీ అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసి చెప్పింది. సంతోషంతో పాటు "రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీయేగా, యూనివర్సిటీ కాదుగా అన్నయ్యా" అన్న చిన్న దిగులు కూడా ఉంది గొంతులో. పట్టించుకోకు. అమెరికాలో ఉన్న మనవాళ్లకీ అదే చిన్నచూపు. పిల్లాడు హైస్కూల్లో ఉండగానే అటు స్కూలుకీ ఇటు కాలేజీకీ లెక్కకొచ్చే డ్యుయల్ క్రెడిట్ క్లాసులు తీసుకునేది మీ దగ్గరే. ఫీజు తక్కువని సమ్మర్‌లో కాల్‌క్యులస్ చదివేదీ మీ దగ్గరే. పార్టీలో మాత్రం ఆ కాలేజీ పేరెత్తరు.

సరే, నువ్వు అడిగినదానికి వస్తాను. మొదటి ఏడాదే ఏదైనా ఇన్నోవేషన్ చేసి చూపించమని మీ ప్రెసిడెంట్ అంటున్నారు, ఏం మొదలుపెట్టను అన్నావు. ఇప్పుడే ఏదీ మొదలుపెట్టకు. ముందు ఏం తీసెయ్యాలో వెతుకు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, కాస్త ఓపిగ్గా చదువు.

మన మ్యాథ్ సంగతే చూడు. నేను మీలాంటి కాలేజీలోనే ఉద్యోగంలో చేరిన రోజుల్లో, పదేళ్ల తర్వాత మళ్లీ చదువుకుందామని ఎవరైనా వస్తే, వచ్చీ రాగానే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఏ స్థాయి క్లాసులో వెయ్యాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టేవారు. భిన్నాలు మర్చిపోయాడంటే, డిగ్రీకి లెక్కకొచ్చే కాలేజ్ ఆల్జీబ్రాకి మూడు మెట్ల కింది క్లాసులో వేసేవారు. ఫీజు మామూలే, డిగ్రీకి పనికొచ్చే క్రెడిట్ మాత్రం సున్నా. మెట్టుకి 70 శాతం పాసవుతారనుకో, వినడానికి బాగానే ఉంటుంది. మూడు మెట్లు దాటేసరికి వందలో 34 మంది మిగులుతారు. కాలేజ్ ఆల్జీబ్రా కూడా పూర్తయ్యేసరికి 24. అదీ పాసైన ప్రతివాళ్లూ తర్వాతి క్లాసులో చేరితేనే. ఎవరి క్లాసు వాళ్లు చక్కగానే చెప్పారు, ఆ వరసలోనే ఉంది తేడా అంతా.

2015లో టెనెసీ ఆ మెట్లు ఎత్తేసి అందరినీ నేరుగా కాలేజీ స్థాయి క్లాసులో కూర్చోబెట్టింది. వెనకబడ్డవాళ్లకి అదే సెమిస్టర్‌లో పక్కనే సపోర్ట్ క్లాసు పెట్టింది. కోరెక్విజిట్ అంటున్నది దీన్నే. మొదటి ఏడాదిలోనే కాలేజీ మ్యాథ్ గట్టెక్కేవాళ్లు అక్కడ బాగా పెరిగారు. చాలా కాలేజీలు ప్లేస్‌మెంట్‌కి వాడిన కంపాస్ పరీక్షని తయారుచేసిన ఏసీటీ సంస్థే 2016లో ఆపేసింది. 2017లో మీ టెక్సస్, కాలిఫోర్నియా రెండూ ఈ దారిలో చట్టాలే చేశాయి.

చట్టం వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. మీ దగ్గర సపోర్ట్ క్లాసు ఏ టైంకి పెట్టారో చూడు. అసలు క్లాసు సాయంత్రం ఆరింటికి, సపోర్ట్ మర్నాడు మధ్యాహ్నం రెండింటికి అయితే వేర్‌హౌస్‌లో షిఫ్ట్ చేసేవాడు ఎలా వస్తాడు? రెండూ ఒకే టీచర్ చెబుతున్నారా? నర్సింగ్‌కి వెళ్లే అమ్మాయికి కాలేజ్ ఆల్జీబ్రాయే కావాలా, స్టాటిస్టిక్స్ చాలదా? ఈ చివరి ప్రశ్న మీద టెక్సస్ యూనివర్సిటీలో (యూటీ ఆస్టిన్) లెక్కల చదువు మీద పనిచేసే డేనా సెంటర్‌వాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు, వాళ్లతో మాట్లాడు.

రిజిస్ట్రేషన్ వారంలో ఒక సాయంత్రం బ్యాడ్జ్ తీసేసి కౌంటర్ దగ్గర నిలబడు. నేను అలా నిలబడ్డప్పుడు చూసినావిడ నాకింకా గుర్తే. నర్సింగ్ హోం డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది, ఒంటి మీద నీలం స్క్రబ్స్, చంకలో పిల్లాడు. స్క్రీన్ మీద ఎర్రగా 'హోల్డ్' అని వస్తోంది, అంటే బాకీ తీరేదాకా క్లాసులో చేరడానికి లేదు. కారణం, పాత పార్కింగ్ ఫైన్ పాతిక డాలర్లు. అది కట్టించుకునే క్యాషియర్ వేరే బిల్డింగ్‌లో, ఐదింటికే మూసేశారు. ఆవిడ గొడవ కూడా పెట్టుకోలేదు, థాంక్యూ చెప్పి వెళ్లిపోయింది. అలా వెళ్లినవాళ్లు డ్రాపవుట్ లెక్కల్లోకీ రారు, అసలు చేరితే కదా! చిన్న బాకీలకి హోల్డ్ పెట్టకూడదన్న రూల్ తేవడానికి ఏడాది పైనే పట్టింది. అందులో ఎక్కువ సాయం చేసింది ప్రొఫెసర్లు కాదు, రిజిస్ట్రార్ ఆఫీసులో ఏళ్లుగా పనిచేస్తున్న ఒక క్లర్కు. ఏ ఫారం ఎక్కడ ఆగుతుందో ఆవిడకి తెలిసినంత మా ఎవరికీ తెలీదు. అలాంటి మనిషి మీ కాలేజీలోనూ ఉంటుంది, మొదటి వారంలోనే పరిచయం చేసుకో.

మీ రాష్ట్రంలోనే అమరిల్లో కాలేజీ ఉంది. చదువుకి ఏం అడ్డొస్తోందని పిల్లల్నే అడిగితే ఎక్కువగా క్లాసుతో సంబంధం లేనివే చెప్పారు: తిండి, ఇంటద్దె, బండి, పసిపిల్లల్ని చూసుకునే మనిషి. రసెల్ లోవరీ-హార్ట్ ప్రెసిడెంట్‌గా ఉండగా క్యాంపస్‌లోనే సరుకులు, అత్యవసర సాయం ఇచ్చే కేంద్రం నడిపారు. చాలా క్లాసుల్ని ఎనిమిది వారాలకి కుదించారు, ఒకేసారి నాలుగైదు సబ్జెక్టులు మొయ్యక్కర్లేదన్నమాట. 2023లో మంచి కమ్యూనిటీ కాలేజీలకిచ్చే ఆస్పెన్ ప్రైజ్ గెలిచిన రెండు కాలేజీల్లో అదొకటి.

న్యూయార్క్‌లో సిటీ యూనివర్సిటీ (క్యూనీ) 2007లో మొదలుపెట్టిన ఏసాప్ కూడా ఈ కోవలోదే, రెండేళ్ల డిగ్రీ త్వరగా పూర్తిచేయించే పథకం అది. ప్రయాణానికి మెట్రో కార్డు, పుస్తకాల ఖర్చు ఇచ్చారు; గ్రాంట్లు పోను మిగిలిన ఫీజు వాళ్లే భరించారు; తరచూ కలవాల్సిన అడ్వైజర్‌ని పెట్టారు. లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పోల్చి చూస్తే, మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు మామూలు గుంపులో 22 శాతం, ఏసాప్‌లో 40. మనిషికి ఖర్చు ఎక్కువే, కానీ పూర్తయిన ఒక్కో డిగ్రీకి లెక్కేస్తే తక్కువ పడింది. బడ్జెట్ మీటింగ్‌లో నీకు పనికొచ్చేది ఈ లెక్కే.

మనుషుల సంగతి. సీనియర్ ప్రొఫెసర్లు "స్థాయి దిగజారుస్తున్నారు" అంటారు. మీటింగ్‌లో వాదనకి దిగకు. ఎవరి సెక్షన్ లెక్కలు వాళ్లకి, వాళ్ల గదికి వెళ్లి చూపించు. నలుగురిలో పరువు పోతుందంటే ఎంత మంచివాడైనా మొండికేస్తాడు. ఇష్టపడి వచ్చిన ఇద్దరితో మొదలుపెట్టి, ఫలితాలు వాళ్ల నోటే చెప్పించు. ఇక కమ్యూనిటీ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లలో సగానికి పైగా పార్ట్ టైం వాళ్లే. వాళ్లకి కూర్చోడానికి ఒక గది, సెమిస్టర్‌కి చాలా ముందే షెడ్యూల్ ఇవ్వకుండా నువ్వు ఏ సంస్కరణ ప్రకటించినా కాగితం మీదే ఉంటుంది.

ఇంకోటి. 2023 నాటి టెక్సస్ చట్టం హౌస్ బిల్ 8 తర్వాత మీకు రాష్ట్రం ఇచ్చే డబ్బు ఎక్కువగా ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమంది యూనివర్సిటీకి వెళ్లారు అన్నదాని మీదే వస్తోంది. మంచిదే. కానీ త్వరగా లెక్క చూపించే పొట్టి సర్టిఫికెట్లు పెట్టమని ఒత్తిడి వస్తుంది. ఆ కాగితం చూసి ఉద్యోగం ఎవరిస్తారో ఫోన్ చేసి కనుక్కున్నాకే సంతకం పెట్టు.

గత మూడేళ్లలో ఏ సెక్షన్ ఏ టైంకి నడిచింది, ఎంతమంది చేరారు, చివరికి ఎంతమంది మిగిలారు, ఇవన్నీ ఒక షీట్‌లో వేసి ముందు పెట్టుకో. నాకు పంపాలంటే మాత్రం పేర్లన్నీ తీసేసి, మీ ఆఫీసులో అడిగి పంపు. రిటైరైనవాడికి ఎక్సెల్ షీట్‌ని మించిన కాలక్షేపం ఏముంది.

మీ మావయ్య