అప్‌డేట్ చేస్తే వైఫై పోయింది, ఇక అప్‌డేట్లు ఆపేయాలా?

ప్రశ్న: నమస్తే అండీ, నేను రిటైర్డ్ టీచర్‌ని, మాది జనగామ. నా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉండేది, 2025 అక్టోబర్‌తో దానికి సపోర్ట్ అయిపోయిందన్నారు, 11 ఏమో ఈ మెషిన్‌కి ఎక్కదంట, అందుకని మా మేనల్లుడు లినక్స్ మింట్ 22 వేసిచ్చాడు. కొన్ని నెలలు బాగానే నడిచింది. మొన్న అప్‌డేట్ మేనేజర్‌లో వచ్చినవన్నీ ఇన్‌స్టాల్ కొట్టి రీస్టార్ట్ చేశాక వైఫై గుర్తే కనపడట్లేదు. ఇక అప్‌డేట్లు పెట్టకుండా ఉంటే మంచిదా?

జవాబు: మాస్టారూ, అప్‌డేట్లు మాత్రం ఆపకండి. మీరు బ్యాంకు పనులు కూడా అందులోనే చేసుకుంటుంటే బ్రౌజర్‌కీ, కెర్నల్‌కీ (అంటే లినక్స్‌లో అన్నిటినీ నడిపించే లోపలి భాగానికి) వచ్చే సెక్యూరిటీ ఫిక్స్‌లు తప్పనిసరి, మింట్ 22కి అవి 2029 దాకా వస్తాయి.

ముందు ఇది చూడండి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎస్కేప్ కీ కొట్టండి (కొన్ని పాతవాటిలో షిఫ్ట్ నొక్కిపట్టుకోవాలి), మెనూ వస్తుంది, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత నంబర్ ఉన్న కెర్నల్ ఎంచుకోండి. కొత్త కెర్నల్ వచ్చినా పాతది వెంటనే పోదు, పక్కనే ఉంటుంది. దాంతో వైఫై వచ్చేసిందంటే మీ హార్డ్‌వేర్‌కి ఏమీ కాలేదు, డ్రైవర్ (వైఫై చిప్‌ని నడిపించే చిన్న ప్రోగ్రామ్) కొత్త కెర్నల్‌తో కలవలేదంతే.

ఎందుకిలా అంటే, లినక్స్‌లో డ్రైవర్లు ఎక్కువ భాగం కెర్నల్ లోపలే ఉంటాయి, లోపల ఏదైనా మార్చినవాళ్లే దాన్ని వాడే డ్రైవర్లన్నీ సరిచేసి పెడతారు. ఏథెరోస్ అనే కంపెనీ వైఫై చిప్‌ల డ్రైవర్ 2008లో కెర్నల్‌లో చేరింది, ఆ కాలం వైఫై కార్డులు ఈరోజుకీ పనిచేస్తున్నాయి, నాకు ఈ పద్ధతి మీద అంత నమ్మకం ఉండటానికి కారణం అదే. కానీ కొన్ని చిప్‌ల కంపెనీలు కోడ్ బయటపెట్టవు, వాటి డ్రైవర్‌ని బయటినుంచి తెచ్చి కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ బిల్డ్ చేయాలి, అంటే దానికి సరిపడేలా తయారుచేయాలి, ఆ బిల్డ్ ఫెయిలైతే వైఫై మాయం. మీ విషయంలో ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం.

ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది. అప్పుడు కొత్త కెర్నల్‌లోనే ఉండి డ్రైవర్ మేనేజర్ తెరిచి ఆ వైఫై డ్రైవర్‌ని తీసేసి మళ్లీ వేయండి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన కోడ్‌నే మొదలుకానిచ్చే ల్యాప్‌టాప్ సెట్టింగ్) ఆన్‌లో ఉంటే మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వచ్చినప్పుడు ఎన్‌రోల్ నొక్కి అదే ఇవ్వాలి. చాలామంది ఆ స్క్రీన్ చూసి కంగారుపడి వదిలేస్తారు, మీరు వదలొద్దు.

అప్పటికీ కుదరకపోతే పాత కెర్నల్‌తోనే నడిపించండి, దాన్ని డిలీట్ చేయకండి, కానీ నెలలకొద్దీ అలాగే ఉండిపోవద్దు. లినక్స్‌లో డ్రైవర్ ముందే ఉన్న చిన్న యూఎస్‌బీ వైఫై ముక్క కొనుక్కోవడం మేలు. ఇకమీదట అప్‌డేట్ ముందు మింట్‌లోని టైమ్‌షిఫ్ట్ ప్రోగ్రామ్‌లో ఒక స్నాప్‌షాట్ (తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి సిస్టమ్ కాపీ) తీసుకోండి. సిస్టమ్ రిపోర్ట్స్‌లో నెట్‌వర్క్ దగ్గర చిప్ పేరు కనపడుతుంది, అది రాసి పంపండి, ఏ డ్రైవర్ వేయాలో చెప్తాను.